సిలువ మార్గం అయ్యాక టిఫిన్ ఏంటి?

తపస్కాలం మొదలైందంటే మా యూనిట్ (మా గుడికి చెందిన చుట్టుపక్కల కుటుంబాల గుంపు) వాట్సాప్ గ్రూపులో గురువారం సాయంత్రానికల్లా ఒక మెసేజ్ పడుతుంది, "రేపు సిలువ మార్గం ఎవరింట్లో?" అని. ఇంకో ప్రశ్న ఉంది, అది ఎవరూ టైపు చెయ్యరు గానీ చాలామంది మనసులో మెదులుతూనే ఉంటుంది: వాళ్ళేం పెడతారు? నేను రాయబోయేది ఆ రెండో ప్రశ్న గురించి. ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు వ్యాసమా అంటారేమో, అనండి. బెజవాడలోనే పుట్టి, ఇక్కడే జ్ఞానస్నానం, ఇక్కడే పెళ్ళి అయినదాన్ని, మా విచారణ (ఒక గుడి కిందికొచ్చే కతోలికులంతా) సంగతులు లోపల్నుంచి చూస్తున్నదాన్ని. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి పేపరు ప్లేట్లలో వచ్చే ఆ టిఫిన్ మా తపస్సు మొత్తాన్ని మింగేస్తోందని నా గట్టి అభిప్రాయం.

కతోలికులు కానివాళ్ళ కోసం కాస్త చెప్తాను. తపస్కాలం విభూది బుధవారం నుదుటి మీద బూడిదతో (కిందటేడు మట్టల ఆదివారం మట్టల్ని కాల్చి చేసే బూడిద అది) మొదలై పాస్కా పండగ (ఈస్టర్) దాకా లెక్కేస్తే 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆ రోజుల్లో పూజలో అల్లెలూయ వినపడదు, ఫాదర్ గారు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు, పెళ్ళి ముహూర్తాలు దాదాపుగా ఉండవు. ప్రతి శుక్రవారం సిలువ మార్గం ఉంటుంది. ప్రభువుకి మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధిలో ఉంచేదాకా 14 స్థలాలు, స్థలం స్థలానికీ మోకాళ్ళ మీద పడి లేవడం, మధ్యలో పాట. ఇది గుడిలో ఎలాగూ జరుగుతుంది, దానికి తోడు మా ఊళ్ళో విచారణల్ని యూనిట్లుగా విడగొట్టాక ఇంటింటికీ తిరగడం కూడా అలవాటైంది. చెక్క సిలువ ఒకటి, కొవ్వొత్తులు రెండు, పుస్తకాలు చాలకపోతే ఫోన్లలో పీడీఎఫ్. ఇంటర్, టెన్త్ పరీక్షలు సరిగ్గా అప్పుడే వస్తాయి కాబట్టి పిల్లలు సగం మంది రారు, పక్కింటి పిల్లవాడు చదువుకోవాలి కాబట్టి మైకు పెట్టం (పెట్టాలనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్ళ గురించి ఇంకోసారి రాస్తాను).

ఈ ప్రార్థన పుట్టిందే యెరూషలేము వెళ్ళలేని వాళ్ళ కోసం. ఆ ప్రయాణానికి డబ్బూ ఓపికా లేని జనం తమ ఊళ్ళోనే ఆ దారి నడిచినట్టు భావించి చేసుకోవడానికి ఫ్రాన్సిస్కన్ గురువులు దీన్ని ఊరూరా వ్యాపింపజేశారు, 1731లో పన్నెండో క్లెమెంట్ పోపు గారు స్థలాలు 14 అని స్థిరం చేశారు. అంటే లేనివాళ్ళ చేతికి అందేలా చేసిన ప్రార్థన. దాన్ని మా యూనిట్లో లేనివాళ్ళు తమ ఇంట్లో పెట్టుకోవడానికి భయపడే స్థితికి మేమే తెచ్చాం.

ఎలాగంటే, మొదట్లో టీ, బిస్కెట్. ఎవరో ఒకావిడ మంచి మనసుతోనే, "అందరూ ఆఫీసుల నుంచి సరాసరి వస్తున్నారు పాపం" అని ఉప్మా చేసింది. తర్వాతి వారం వాళ్ళు ఉప్మా ఏం బాగుంటుందని పూరీ, కూర. ఆ తర్వాత పునుగులు, వాటికి రెండు చట్నీలు, ఆపైన ఒక కేసరి. ఒక ఇంట్లో ఐస్‌క్రీం కూడా ఇచ్చారు, వేసవి మొదలైందని సాకు. ఇరవై ముప్పై మందికి ఈ లెక్కన పెట్టాలంటే నూనె, గ్యాసు, పాలు, ప్లేట్లు కలిపి ఎంతవుతుందో ఇల్లు నడిపే ఏ ఆడమనిషినడిగినా చెప్తుంది. అది కూడా నెల మధ్యలో. ఏలూరు కాలవ అవతల అద్దెకుండే ఒక చెల్లి, భర్తది ఆటో, నా చెయ్యి పట్టుకుని అంది: "ఈసారి మా ఇంట్లో వద్దులే అక్కా, పండగయ్యాక జపమాల పెట్టుకుందాం." ఆ అమ్మాయి గొంతులో సిగ్గు ఉంది. అది మేం తెచ్చిపెట్టిన సిగ్గు.

ఇక్కడిదాకా చెప్తే మా యూనిట్లో అందరూ ఒప్పుకుంటారు. "అవును, ఎక్కువైపోయింది, తగ్గించాలి" అని తలూపి, మళ్ళీ వారం ఎవరింట్లోనో మిర్చి బజ్జీ తింటాం.

కానీ డబ్బు సంగతి ఇంతటితో ఆగదు. అసలు ఉపవాసం ఎందుకు అన్న ప్రశ్న దగ్గరికి వెళ్తుంది. మాంసం మానెయ్యడమే తపస్సు అనుకుంటే శుక్రవారం పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్ళి చూడండి. మాంసం వద్దన్నారు, చేప వద్దనలేదు కదా అని కొరమీను కొనుక్కుంటాం, కోడి కంటే దాని రేటే ఎక్కువ. రొయ్యల ఇగురు వండుకుని చేతులు కడుక్కుని గుడికొచ్చేవాళ్ళు కూడా నాకు తెలుసు. నియమం తప్పలేదు, నిజమే. 14 ఏళ్ళు నిండినవాళ్ళు శుక్రవారం మాంసం తినకూడదు, 18 నుంచి 59 దాకా వయసున్నవాళ్ళు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఉపవాసం ఉండాలి, 1983 నాటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టంలో ఉన్నది ఇంతే. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, దానితో నాకు కాసేపట్లో పనుంది.

మొదటి తరాల క్రైస్తవులు ఉపవాసాన్ని ఇంకోలా లెక్కేశారు. రెండో శతాబ్దంలో రోములో రాసిన ఒక పుస్తకంలో ఈ పద్ధతి చాలా తేటగా ఉంటుంది: ఉపవాసం రోజున రొట్టె, నీళ్ళతో సరిపెట్టుకో, ఆ రోజు మామూలుగా తినేదానికి ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టు, ఆ డబ్బు విధవరాలికో అనాథకో ఇవ్వు. ఐదో శతాబ్దంలో పెద్ద లియో పోపు గారు (ఇప్పుడున్న పద్నాలుగో లియో కాదు, మొదటాయన) తన ప్రసంగాల్లో చెప్పిందీ అదే, విశ్వాసులు తినకుండా మానింది పేదవాళ్ళకి తిండి కావాలని. అంటే కడుపు కట్టుకోవడం సగం పని, ఆ మిగిలింది ఎవరి కడుపులోకి వెళ్ళిందన్నది మిగతా సగం. మనం మొదటి సగాన్ని సగం చేసి, రెండో సగాన్ని కతోలికుల సేవా సంస్థ కారితాస్ ఇండియా వాళ్ళ తపస్కాలం కవరులో వంద నోటు పెట్టడంతో సరిపెట్టేస్తున్నాం. ఆ కవరు మంచిదే, ఇవ్వండి. కానీ పునుగుల మీద మిగలని డబ్బు కవరులోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

కిందటేడు ఆ ఆటో చెల్లి వాళ్ళింట్లో సిలువ మార్గం జరిగింది. "మాకు టీ చాలు, ఇంకేం చెయ్యకు" అని నేనే మొండికేసి ఒప్పించాను. ఒక్కటే గది, అందుకని మెట్ల దగ్గరా వీధిలోనూ చాపలు పరిచింది. పద్నాలుగో స్థలం అయ్యి, చివరి పాట అయ్యాక, కొత్త పేపరు కప్పుల ప్యాకెట్ తెచ్చి, అందరూ చూస్తుండగా, కవరు చింపి, ఒక్కో కప్పూ తీసి టీ పోసింది. ఇంట్లో స్టీలు గ్లాసులున్నాయి, షెల్ఫు మీద బోర్లించి, తళతళా తోమి. అవి తియ్యలేదు. మా గ్లాసుల్లో వీళ్ళు తాగుతారో లేదో అన్న అనుమానం రానివ్వకుండా ముందే దారి చూసుకుంది. అయినా ట్రే మా సంఘం పెద్ద ఒకాయన ముందుకి వెళ్ళగానే, "నాకు ఈరోజు ఒక్కపొద్దమ్మా" అన్నాడు. పక్కావిడ కూడా ఒక్కపొద్దు. ఆ పక్కాయనకి సుగరు. ట్రే సగం నిండుగానే వెనక్కి వెళ్ళింది, టీ మీద మీగడ కట్టింది. మాతో వచ్చిన సిస్టర్ గారు రెండు కప్పులు తాగారు, రెండోది ఎందుకు తాగారో నాకు తెలుసు.

ఆ తర్వాతి శుక్రవారం డూప్లెక్సు ఇంట్లో అదే పెద్దాయన అల్లప్పచ్చడితో గారెలు తిన్నాడు. ఆ రోజు ఒక్కపొద్దు లేదు.

ఆ చెల్లిది ఏ కులమో, ఆయనది ఏ కులమో నేను రాయక్కర్లేదు, తెలుగువాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మన దగ్గర కతోలిక విశ్వాసం రెండు దారుల్లో వచ్చింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి యేసు సభ (జెస్యూట్) గురువుల దగ్గర జ్ఞానస్నానం పొందిన రెడ్ల కుటుంబాలు ఒక దారి, గుంటూరు వైపు ఫిరంగిపురం లాంటి ఊళ్ళలో ఆ పాత కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలానికి మాల, మాదిగ పల్లెలు పల్లెలుగా వచ్చి చేరింది ఇంకో దారి. బెజవాడ వచ్చేసరికి ఆ రెండూ ఒకే గుళ్ళో, ఒకే బెంచీ మీద కలిశాయి. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) ఒకే వరసలో నిలబడి అందుకుంటాం, అందులో ఎవరికీ ఒక్కపొద్దు అడ్డం రాదు. గుమ్మం దాటి వీధిలో ఒకళ్ళింట్లో టీ తాగాల్సి వచ్చినప్పుడే ఎక్కడలేని తపస్సూ గుర్తొస్తుంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదిగో. మామూలు తపస్కాలపు శుక్రవారం ఉపవాసం తిరుసభ పెట్టిన నియమం కాదు, మాంసం మానడమే నియమం. దివ్యసత్ప్రసాదం తీసుకునే ముందు గంటసేపు తప్ప, టీ తాగితే భంగమయ్యే ఉపవాసం ఏదీ ఆ చట్టంలో లేదు. ఎవరైనా ఇష్టంగా అంతకుమించి ఉంటే దండం పెడతాను, మా అమ్మ నలభై రోజులూ ఒంటిపూట భోజనం చేసిన మనిషి. కానీ ఎవరింటికైనా వెళ్ళి వాళ్ళు ఆశతో ఇచ్చింది కాదనడానికి పనికొచ్చే ఉపవాసం, ఇంకో ఇంట్లో మాయమైపోయే ఉపవాసం, దేవుడి కోసం చేసింది కాదు.

విభూది బుధవారం తర్వాత వచ్చే మొదటి శుక్రవారమే పూజలో యెషయా 58వ అధ్యాయం చదువుతారు. నాకు కావాల్సిన ఉపవాసం ఇది అని దేవుడు అక్కడ లెక్క చెప్తాడు, ఆకలిగొన్నవాడితో నీ తిండి పంచుకోవడం, నీ సొంతవాళ్ళ నుంచి మొహం తిప్పుకోకపోవడం. అది కూడా పాత నిబంధన అని పక్కన పెడదామంటే గలతీయులకు పౌలు రాసిన జాబు తియ్యండి, రెండో అధ్యాయం. పేతురు అంతియోకులో యూదులు కానివాళ్ళతో కలిసి భోంచేస్తున్నాడు, యెరూషలేము నుంచి యాకోబు మనుషులు రాగానే వాళ్ళకి భయపడి పక్కకి జరిగాడు. పౌలు అందరి ముందూ మొహం మీదే నిలదీశాడు. పోపుల వరసలో మొదటాయన, అంతటివాడు, మాట పడింది ఒకే పంక్తిలో తినకపోవడం గురించే. మా పెద్దాయనకి ఇంకెవరు చెప్పాలి?

చెప్పలేదనడానికీ లేదు. 2003లో రెండో జాన్ పాల్ పోపు గారు తమిళనాడు పీఠాధిపతులతో (బిషప్పులతో) మాట్లాడుతూ క్రైస్తవుల మధ్య కులవివక్ష ఛాయలు కూడా ఉండకూడదన్నారు. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల గురించి ఒక విధాన పత్రమే తెచ్చింది, మన దేశ కతోలికులు 1 కోటి 90 లక్షలైతే అందులో 1 కోటి 20 లక్షల మంది దళితులని అందులో ఉంది. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయిన పూల ఆంథోనీ గారు తెలుగువారిలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు, 2025 మేలో పోపుని ఎన్నుకున్నవాళ్ళలో ఆయనా ఒకరు. ఆయన కార్డినల్ అయినప్పుడు మా వీధి చివర ఫ్లెక్సీ కట్టారు, డబ్బులిచ్చినవాళ్ళ ఫొటోలు కింద వరసగా, అందులో మన ఒక్కపొద్దు పెద్దాయన కూడా ఉన్నాడు, నవ్వుతూ.

దీనికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇంకోటుంది. ప్రతి ఏడాదీ ఆగస్టు 10న బ్లాక్ డే పాటిస్తాం. 1950లో అదే రోజున వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి వచ్చిన దళితులకి ఎస్సీ హోదా లేకుండా పోయింది, మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. 2023 మార్చిలో అసెంబ్లీ కూడా ఆ హోదా ఇవ్వమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. ఈ పోరాటంలో మన వాదన ఏంటి? మతం మారినా కులం వదల్లేదు, వివక్ష అలాగే ఉంది అని. నూటికి నూరుపాళ్ళు న్యాయమైన వాదన. మరి ఆ వివక్ష చేస్తున్నది ఎవరు అని ఢిల్లీలో ఎవరైనా అడిగితే ఎవర్ని చూపించాలి? నల్ల జెండా పట్టుకుని మన పక్కనే నడిచినవాళ్ళలో కొందర్ని చూపించాలి.

సరే, ఏం చెయ్యాలి? టిఫిన్లు పూర్తిగా రద్దు చేసేస్తే పోలా అని మా యూనిట్లో కుర్రాళ్ళు కొందరన్నారు. నేను ఒప్పుకోను. రద్దు చేస్తే ఆ పెద్దాయనకే హాయి, ఇక ఎవరింట్లోనూ మొహమాటపడి అబద్ధం చెప్పక్కర్లేదు. ఖర్చు తగ్గుతుంది, దూరం అలాగే ఉంటుంది. నేననేది ఏంటంటే, ప్రతి ఇంట్లోనూ ఒకటే పెట్టాలి: ఉడకబెట్టిన శనగల గుగ్గిళ్ళు, ఒక గ్లాసు మజ్జిగ. డూప్లెక్సులోనూ అదే, ఒంటి గదిలోనూ అదే. కేటరింగ్ వాళ్ళ చేత తెప్పించకూడదు, ఆ ఇంటివాళ్ళే వండాలి. పేపరు కప్పులు బంద్, ఆ ఇంటి గ్లాసుల్లోనే ఇవ్వాలి, చాలకపోతే తాగినవాళ్ళు కడిగి పక్కవాళ్ళకివ్వాలి. వచ్చినవాళ్ళందరూ తీసుకోవాలి. ఇళ్ళ వరస ఎవరు ముందుకొస్తే వాళ్ళది అని కాకుండా వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి, ఒక్క గుమ్మం కూడా దాటెయ్యకుండా. మిగిలిన డబ్బు ఎవరికి వాళ్ళు నిజాయితీగా లెక్కేసుకుని డబ్బాలో వేస్తే, పవిత్ర గురువారం నాడు విన్సెంట్ డి పాల్ సభ వాళ్ళకి ఇచ్చేద్దాం, మన విచారణలో ఎవరింట్లో బియ్యం లేవో, ఎవరికి మందులు కావాలో వాళ్ళకే బాగా తెలుసు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, కొన్ని ఇప్పటికే విన్నాను. "ప్రభువు మా ఇంటికొస్తున్నప్పుడు కడుపునిండా పెట్టుకోవాలని ఉంటుంది వదినా" అని ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు, ఆ ప్రేమ నిజమైనది. పాస్కా పండగ తర్వాత యాభై రోజులు పండగ కాలమే కదా, అప్పుడు బిర్యానీ పెట్టు తల్లీ, నేనే మొదట వస్తాను అన్నాను. ఇంకొకాయన, "బలవంతాన తినిపిస్తారా, ఇది ప్రార్థనా, పంచాయితీనా" అన్నాడు. సుగరున్నవాళ్ళు నాలుగు గింజలు నోట్లో వేసుకోవచ్చు, మజ్జిగలో పంచదార వెయ్యం. నిజంగా నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే అన్ని ఇళ్ళలోనూ అలాగే ఉంటే చాలు, మాకు అభ్యంతరం లేదు. అందరికంటే ఎక్కువగా వినపడేది మాత్రం, "లేని గొడవ ఎందుకు తెస్తారమ్మా, మనలో అలాంటివి ఎక్కడున్నాయి" అనేది. ఈ మాట ఎప్పుడూ టీ వెనక్కి పంపినవాళ్ళే అంటారు. టీ వెనక్కి తీసుకెళ్ళి గిన్నెలో ఒంపుకున్నవాళ్ళ నోట ఇది నేను ఒక్కసారి కూడా వినలేదు.

ప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా పవిత్ర గురువారం గుడిలో ఫాదర్ గారు పాదాలు కడిగే పన్నెండుగురి సంగతి కూడా ఇదే లెక్క. 2016లో ఫ్రాన్సిస్ పోపు గారు ఆడవాళ్ళని కూడా కూర్చోబెట్టొచ్చని నియమం మార్చారు. మా దగ్గర ఇప్పటికీ ఆ కుర్చీల్లో ఎక్కువగా సంఘం పెద్దలే, ఇంటి దగ్గరే సబ్బుతో పాదాలు శుభ్రంగా కడుక్కుని మరీ వస్తారు. ఈసారి లిస్టు వీధుల వారీగా వెయ్యమని ఫాదర్ గారిని అడిగాం, "చూద్దాం" అన్నారు. ఆయన చూస్తారు, కానీ గుగ్గిళ్ళకి ఆయన అనుమతి దాకా వెళ్ళక్కర్లేదు, సర్క్యులర్ రావక్కర్లేదు, అది యూనిట్ తనంతట తను తేల్చుకునే విషయం. మా యూనిట్ మీటింగులో ఏడుగురు ఊఁ అన్నారు, ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. ఏడుగురు చాలు మొదలుపెట్టడానికి. వీధి ఈ చివర మొదటి ఇల్లు నాదే పడింది.

వేరే యూనిట్ల వాళ్ళు కొలత అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ముప్పై మందికి కిలోన్నర శనగలు, గురువారం రాత్రే నానెయ్యాలి, మర్చిపోతే ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటాయి. పోపులో ఎండుమిర్చి, కరివేపాకు చాలు, కొబ్బరి వేస్తే మళ్ళీ పోటీ మొదలవుతుంది. మజ్జిగకి రెండు లీటర్ల పెరుగు, కొంచెం అల్లం, ఉప్పు తక్కువ వెయ్యండి, మన పెద్దవాళ్ళలో సగం మందికి బీపీ.